కాగితం మొత్తం నల్లబడితే తప్పు ఎక్కడ వెతకాలి? సూది బెజ్జం కెమెరా ఫొటోలను ఇంట్లో కడగడం

మాస్టారూ, ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. బడిలో పిల్లలకు చూపించడానికి పాలపొడి డబ్బాతో సూది బెజ్జం కెమెరా, అంటే లెన్సుకు బదులు సూది బెజ్జం ఉన్న కెమెరా, చేశారు. మే నెలలో, స్నానాల గదిలో, ఎలక్ట్రికల్ దుకాణంలో కొన్న ఎర్ర జీరో బల్బు వెలుగులో బ్రోమైడ్ కాగితాలు, అంటే వెలుగుకు స్పందించే వెండి లవణాల పూత ఉన్న ఫొటో కాగితాలు, కడిగారు. మొదటి కాగితం డెవలపర్‌లో, అంటే దాగున్న బొమ్మను బయటికి తెచ్చే ద్రావణంలో, వేసిన పది సెకన్లకే అంచు నుంచి అంచు వరకు నల్లబడింది. రెండోది నల్లబడుతుండగానే లాగేస్తే మసక బూడిద రంగు బొమ్మ మిగిలింది. మూడోదాని మీద గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. డెవలపర్ పాడైందా, అందులో అసలు ఎంతసేపు ఉంచాలి, కాగితానికి బదులు ఎక్స్‌రే ఫిల్మ్ వాడవచ్చా అని అడిగారు.

రెండో కాగితంతో మొదలుపెడతాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. బొమ్మ ముదురుతోందని కంగారుపడి కాగితాన్ని మధ్యలో బయటికి తీసే అలవాటును మొదటి రోజే మానుకోవాలి. డెవలపర్‌లో ఒకటిన్నర నిమిషం అని పెట్టుకోండి. నల్లగా మాడిపోయినా, తెల్లగా ఉండిపోయినా అంతసేపూ ఉంచాల్సిందే. వెలుగు తగిలిన సిల్వర్ హాలైడ్ (కాగితం పూతలోని వెండి లవణం) రేణువులు పూర్తిగా వెండిగా మారడానికి ఆ వ్యవధి కావాలి. మధ్యలో తీస్తే నిండు నలుపు రావాల్సిన చోటు కూడా బూడిద రంగు దగ్గరే ఆగిపోతుంది. ట్రేలో ద్రావణం ఎక్కువగా కదిలిన వైపు ముదురుగా, కదలని వైపు లేతగా చారలు పడతాయి. కడిగే సమయం మారకుండా ఉంటేనే ఎక్స్‌పోజర్, అంటే కాగితానికి తగిలిన వెలుగు, ఎక్కువైందో తక్కువైందో కాగితాన్ని చూసి చెప్పగలం. ఒక ప్రయోగంలో ఒక చరరాశిని మాత్రమే మార్చాలని మీరు పిల్లలకు చెప్పే పాఠమే ఇక్కడా వర్తిస్తుంది. ఇంట్లో ఫొటోలు కడిగేవాళ్లలో చాలామంది డెవలపర్ ఉష్ణోగ్రత, కడిగే సమయం, ఎక్స్‌పోజర్ మూడింటినీ ఒకేసారి మార్చుకుంటూ పోయి, చివరికి కెమెరా మీద విసుగుతో మానేస్తారు. కెమెరా పాపం నిర్దోషి.

కాబట్టి ఇంకో ఫొటో తీయకండి. ముందు ఒక కాగితాన్ని పూర్తి చీకట్లో, తడుముకుంటూనే సరే, రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కత్తిరించండి. మొదటి ముక్కను ఎర్ర బల్బు కూడా వెలిగించకుండా డెవలపర్‌లో ఒకటిన్నర నిమిషం ఉంచి, ఫిక్స్ చేసి, అంటే హైపో ద్రావణంలో వేసి బొమ్మను శాశ్వతంగా నిలిపి, అప్పుడు లైటు వేసి చూడండి. అది తెల్లగా రావాలి. బూడిద రంగు వచ్చిందంటే కాగితం పాతబడి ఉండాలి, లేదా ఎవరో ప్యాకెట్టును వెలుగులో తెరిచి ఉండాలి, లేదా మీ గది మీరు అనుకున్నంత చీకటిగా లేదు. రెండో ముక్కను ఎర్ర బల్బు వెలుగులో, మీరు మామూలుగా పనిచేసేంత సేపు బయట ఉంచి కడగండి. ఇది నల్లబడి మొదటిది తెల్లగా ఉంటే నేరం బల్బుది. మూడో ముక్కను డబ్బాలో పెట్టి, బెజ్జం మూసే ఉంచి, డబ్బాను ఎండలో అయిదు నిమిషాలు అటూ ఇటూ తిప్పి, తెచ్చి కడగండి. ఇది నల్లబడితే డబ్బాలో ఎక్కడో చిల్లు ఉంది. మూడూ తెల్లగా వస్తే అప్పుడు ఎక్స్‌పోజర్ గురించి మాట్లాడుకోవచ్చు.

మీరు చెప్పిన వివరాలతో నాకు బల్బు మీదే అనుమానం. మొదటి కాగితం అంచు నుంచి అంచు వరకు నల్లబడిందన్నారు. కాగితాన్ని డబ్బా లోపల టేపుతో అంటించి ఉంటే, టేపు కింద ఉన్న అంచులకు బెజ్జం వెలుగు తగలదు. ఎక్స్‌పోజర్ ఎంత ఎక్కువైనా ఆ అంచులు తెల్లగానే మిగలాలి. అవీ నల్లబడ్డాయంటే ఆ వెలుగు డబ్బా బయట, అంటే మీ గదిలో తగిలిందే. మూత వదులుగా ఉంటే నలుపు ఒక మూల నుంచి విసనకర్ర ఆకారంలో వ్యాపిస్తుంది. బెజ్జం పక్కన చిల్లు ఉంటే బొమ్మ మీద మరో మసక బొమ్మ పడుతుంది. కాగితాన్ని పారేసే ముందు ఈ గుర్తులు చూడండి.

బజారులో దొరికే ఎర్ర బల్బుల్లో చాలావరకు తెల్ల బల్బుకు ఎర్ర రంగు పూసినవే. కంటికి ఎర్రగానే కనిపిస్తాయి గానీ, వాటిలోంచి పసుపు, ఆకుపచ్చ కాంతి కొంత బయటికి వస్తూనే ఉంటుంది. బ్రోమైడ్ కాగితం నీలం, ఆకుపచ్చ కాంతులకు స్పందిస్తుంది, ఎరుపుకు దాదాపు గుడ్డిది. దీన్ని పరీక్షించడానికి ఒక పాత సీడీ చాలు. గదిలో మిగతా దీపాలు ఆర్పి, ఆ బల్బు ప్రతిబింబాన్ని సీడీ మెరిసే వైపు వాలుగా చూడండి. ఎర్ర పట్టీ ఒక్కటే కనిపిస్తే మంచిది. దాని పక్కన పసుపో ఆకుపచ్చో తొంగిచూస్తే ఆ బల్బు పనికిరాదు. సైకిలు వెనుక తగిలించే ఎర్ర ఎల్ఈడీ దీపం ఈ పనికి చక్కగా సరిపోతుంది. నిజమైన ఎర్ర ఎల్ఈడీ ఉన్నది ఎంచుకోండి, తెల్ల ఎల్ఈడీకి ఎర్ర ప్లాస్టిక్ మూత పెట్టినది వద్దు. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి తడి చేతులతో, తడి నేల మీద కరెంటు భయం కూడా ఉండదు. దాన్ని ట్రేలకు కనీసం నాలుగడుగుల దూరంలో, గోడ వైపు తిప్పి పెట్టండి.

చివరి పరీక్ష నాణెంతో. కాగితానికి ముందుగా కాస్త వెలుగు చూపించి లేత బూడిద రంగు వచ్చేలా చేసుకోండి, కానీ ఇంకా కడగకండి. దాని మీద నాణేలు వరుసగా పెట్టి, ఎర్ర దీపం కింద ఒకదాన్ని నిమిషానికి, ఇంకోదాన్ని రెండుకు, తర్వాతివి నాలుగుకు, ఎనిమిదికి తీస్తూ, అప్పుడు కడగండి. నాణెం ఉన్న చోటు గుండ్రంగా లేతగా కనిపించడం మొదలైన సమయమే ఆ దీపం కింద మీకున్న గడువు.  ముందుగా వెలుగు చూపించమన్నది ఎందుకంటే, కొంత వెలుగు తిన్న కాగితం ఏమీ తినని కాగితం కన్నా ఎక్కువ సున్నితంగా ఉంటుంది. తెల్ల కాగితంతో చేసే పరీక్షలో నెగ్గిన దీపం ఇందులో ఓడిపోవడం మామూలే.

గది సంగతి ఒక్క మాట. తలుపు వేసుకుని, దీపం ఆర్పి, పది నిమిషాలు ఊరికే కూర్చోండి. మొదటి రెండు నిమిషాల్లో కనిపించని సందులు తర్వాత ఒక్కొక్కటే బయటపడతాయి: వెంటిలేటరు, తలుపు కింది గీత, గీజరు మీద వెలిగే చిన్న ఎర్రలైటు, చేతి గడియారం. నల్ల పాలిథీన్, పాత దుప్పటి, మడిచిన తువాలు చాలు. పగలు ఇవన్నీ మూయడం కన్నా రాత్రి ఎనిమిది తర్వాత పని పెట్టుకోవడం తేలిక. రాత్రి పనికి ఇంకో లాభం కూడా ఉంది, అది నీళ్లు.

డెవలపర్ పొట్లాల మీద రాసే ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం మన డాబా మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ప్రపంచ పిన్‌హోల్ ఫొటోగ్రఫీ దినాన్ని ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం జరుపుకుంటారు. చల్లటి దేశాల్లో అది వసంతం, మనకు రోళ్లు పగిలే ఎండ. అంత వేడి నీళ్లలో కలిపిన డెవలపర్ విపరీతంగా దూకుడుగా పనిచేసి, వెలుగు తగలని రేణువులను కూడా కొంత నల్లబరుస్తుంది. మీ బొమ్మ పది సెకన్లకే నల్లబడడంలో దీని పాత్ర కూడా ఉంటుంది. అయితే 20 డిగ్రీల కోసం పట్టుబట్టకండి. 24, 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచడం మన ఇళ్లలో సాధ్యం, ఫలితంలో తేడా కూడా పెద్దగా ఉండదు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, గడ్డకట్టించిన నీళ్ల సీసా ఒకటి అందులో వేసి, డెవలపర్ ట్రేను ఆ నీళ్లలో తేలనివ్వండి. ఐసు ముక్కలను నేరుగా డెవలపర్‌లో వేస్తే అది పలచబడుతుంది. అన్ని ట్రేలూ, కడిగే నీళ్లూ ఒకదానికొకటి రెండు మూడు డిగ్రీల తేడాలోనే ఉండాలి. ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సి కాగితం కొంత ఓర్చుకుంటుంది. ఆ పూత లేని ఫైబర్ కాగితం మీది జిలాటిన్ పొర మాత్రం వేడికి ఉబ్బి, మెత్తబడి, అంచుల దగ్గర ఊడుతుంది. నేర్చుకునే దశలో ఆర్‌సి కాగితమే కొనండి.

ఇప్పుడు డెవలపర్. రెడీమేడ్ పొడి దొరికితే అదే కలుపుకోండి. దొరకకపోతే, మీ బడి ప్రయోగశాలకు రసాయనాలు సరఫరా చేసే దుకాణంలోనే అన్నీ దొరుకుతాయి. కొడాక్ సంస్థ ప్రచురించిన డి-72 పాత సూత్రమే, కానీ ఇప్పటికీ దానికి వంక పెట్టలేం. దాదాపు 50 డిగ్రీల వేడి నీళ్లు 750 మిల్లీలీటర్లు తీసుకోండి. అందులో మెటాల్ 3 గ్రాములు, నీరు లేని సోడియం సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, నీరు లేని సోడియం కార్బొనేట్ 67.5, పొటాషియం బ్రోమైడ్ 2 గ్రాములు, ఇదే వరుసలో, ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకోటి వేస్తూ కలపండి. తర్వాత చల్లటి నీళ్లతో లీటరు చేయండి. మెటాల్ కన్నా ముందు చిటికెడు సల్ఫైట్ వేస్తే మెటాల్ గాలికి రంగు మారదు. మొత్తం సల్ఫైట్ ముందే వేస్తే మాత్రం మెటాల్ కరగదు. దుకాణంలో సల్ఫైట్ అడిగితే సల్ఫేటో సల్ఫైడో చేతిలో పెట్టే అవకాశం ఉంది, సీసా మీది పేరు మీరే చదవండి. కిరాణా దుకాణంలో పలుకుల రూపంలో దొరికే చాకలి సోడాలో పది అణువుల నీరు ఉంటుంది కాబట్టి 67.5 గ్రాములకు బదులు 180 గ్రాములు పడుతుంది. వంట సోడా వేయకూడదు. నగల తూకానికి వాడే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, చెంచాల లెక్క ఇక్కడ కుదరదు.

ఇది చిక్కటి ద్రావణం. వాడేటప్పుడు ఒక వంతుకు రెండు వంతుల నీళ్లు కలపాలి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ ఉంటే కార్బొనేట్‌తో కలిసి తెల్లటి మడ్డి దిగుతుంది, అది కాగితం మీద చుక్కలుగా అంటుకుంటుంది. డెవలపర్‌కు మాత్రం ఫిల్టరు నీళ్లు వాడండి, చివర్లో కాగితాన్ని నీళ్లతో కడగడానికి బోరు నీళ్లు పరవాలేదు. చిక్కటి ద్రావణాన్ని గాలి చొరకుండా మూతి దాకా నింపిన సీసాల్లో దాస్తే నెలల తరబడి ఉంటుంది. ట్రేలో పోసింది ఆ రాత్రికే. రంగు ముదురు టీలా మారితే మొహమాటం లేకుండా పారబోయండి.

ట్రే దగ్గర ఏం జరుగుతుందో కాస్త నింపాదిగా చెబుతాను, పుస్తకాల్లో ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. ట్రేను ఒక వైపు కొద్దిగా ఎత్తి ద్రావణాన్ని ఇవతలి అంచుకు చేర్చండి. కాగితాన్ని మెరిసే వైపు పైకి ఉండేలా ఖాళీ అయిన అడుగు మీద పెట్టి, ట్రేను దించండి. ద్రావణం ఒకే అలగా కాగితం మొత్తాన్ని కప్పాలి. విడతలుగా తడిస్తే ఆ గీత ఫొటోలో నిలిచిపోతుంది. ఆ తర్వాత ట్రే మూలను ఒకసారి, పక్క మూలను ఇంకోసారి ఎత్తి దించుతూ ఉండండి. మొదటి పది పదిహేను సెకన్లు ఏమీ కనిపించదు. ఆపైన ముందు ఆకాశం వస్తుంది, వెలుగునీడలు తిరగబడిన నెగెటివ్ కాబట్టి నల్లగా. దాని వెనుక సున్నం గోడలు, నేల. చెట్టు కింది నీడలు, వరండా లోపలి భాగం అన్నిటికన్నా చివర, నిమిషం దాటాక మెల్లగా లేస్తాయి. రెండో కాగితాన్ని మీరు లాగేసింది సరిగ్గా ఇవి రావాల్సిన సమయంలో. ఎర్ర వెలుగులో ప్రతిదీ ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది కనుక అక్కడ కంటి తీర్పును నమ్మవద్దు, గడియారాన్నే నమ్మండి. సమయం అయ్యాక ఒక మూల పట్టుకుని పది సెకన్లు కారనిచ్చి, రెండో ట్రేలో వేయండి.

మీకు గోధుమ మచ్చలు వచ్చింది ఈ రెండో ట్రే లేకపోవడం వల్ల కావచ్చు. డెవలపర్ నుంచి నేరుగా హైపోలోకి వేశానన్నారు కదా. డెవలపర్ క్షారం. అది హైపోలోకి చేరాక కూడా కాగితంలో తన పని సాగిస్తూనే ఉంటుంది, గాలికి గోధుమ రంగుకు తిరుగుతుంది, కొన్ని కాగితాలు దాటేసరికి హైపోను కూడా పాడుచేస్తుంది. మధ్యలో ఆమ్లపు ట్రే ఒకటి ఉంటే అక్కడితో ఆట కట్టు. దానికి ప్రత్యేక సరుకేమీ అక్కర్లేదు. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, లీటరు నీళ్లకు 15 గ్రాములు. లేదా దుకాణంలో దొరికే నాలుగు శాతం వెనిగర్ ఒక వంతుకు రెండు వంతుల నీళ్లు. అందులో అర నిమిషం.

మూడో ట్రే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. లీటరుకు 250 గ్రాముల పలుకులు, 15 గ్రాముల సోడియం సల్ఫైట్. ఇది వెండి లవణాలను కరిగిస్తుందని శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు, 1839లో ఫొటోగ్రఫీ పుట్టగానే ఆ సంగతి అక్కరకొచ్చింది. గోదావరి జిల్లాల్లో అయితే రొయ్యల చెరువుల సరుకు అమ్మే దుకాణాల్లో కూడా బస్తాలుగా దొరుకుతుంది, నీళ్లలో క్లోరిన్ పోగొట్టడానికి వాడతారు. పలుకులు కరిగేటప్పుడు నీళ్లు గట్టిగా చల్లబడతాయి కాబట్టి గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టండి. ఇదే ఎండాకాలంలో ఒక వరం కూడా. సల్ఫైట్ వేయకుండా ఆమ్లం తగిలితే గంధకం విడిపోయి ద్రావణం పాలలా తెల్లబడుతుంది, అలా అయిన హైపో పనికిరాదు. ఆర్‌సి కాగితానికి ఇందులో అయిదు నిమిషాలు, అప్పుడప్పుడూ తిప్పుతూ. రెండు నిమిషాల తర్వాత తెల్ల లైటు వేసి చూసుకోవచ్చు. ఆపైన పారే నీళ్లలో నాలుగు నిమిషాలు కడిగి, తాడుకు క్లిప్పుతో వేలాడదీయండి.

హైపో అయిపోయిందో లేదో మీ ప్రయోగశాలే చెబుతుంది. కొంచెం హైపోను విడిగా తీసుకుని, అందులో పది శాతం పొటాషియం అయొడైడ్ ద్రావణం నాలుగు చుక్కలు వేసి కదపండి. పసుపు మడ్డి ఏర్పడి కరగకుండా మిగిలితే అందులో వెండి నిండిపోయిందని అర్థం. కాగితాన్ని నీళ్లలో సరిగ్గా కడిగారో లేదో తెలియడానికి, లేత గులాబీ రంగు పర్మాంగనేట్ నీళ్లలో కాగితం నుంచి కారే నీటి చుక్కలు పట్టండి. రంగు వెలిసిపోతే హైపో ఇంకా మిగిలి ఉంది. ఈ రెండు పరీక్షలూ ఫొటో కన్నా ఎక్కువగా పిల్లలను ఆకట్టుకుంటాయని నా అనుమానం.

చేతుల విషయంలో పాత స్టూడియోల పద్ధతే పద్ధతి: ఎడమ చెయ్యి డెవలపర్‌కు, కుడి చెయ్యి హైపోకు, ఒకదాని పనిలో ఇంకోటి వేలు పెట్టకూడదు. హైపో వేలితో కొత్త కాగితాన్ని ముట్టుకుంటే ఆ వేలిముద్ర తెల్లగా శాశ్వతంగా ఉండిపోతుంది. ఊటీలో హిందూస్తాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారం తయారుచేసిన ‘ఇందు’ సరుకుతో మన స్టూడియోలు నడిచిన రోజుల్లో గ్లవ్స్ ఎవరూ వేసుకోలేదు. మెటాల్‌కు చర్మం పగిలి, దురదతో అవస్థపడ్డ చేతులను ఆ తరంలో చాలానే చూశాను. మీరు గ్లవ్స్ వేసుకోండి, రెండు పట్టకార్లు విడివిడిగా పెట్టుకోండి. ఒకసారి ఈ పనికి వాడిన గిన్నె మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

ఇక ఎక్స్‌పోజర్. మీ డబ్బా అడ్డకొలత 12 సెంటీమీటర్లన్నారు. 1891లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ పిన్‌హోల్ ఫొటోగ్రఫీ మీద వ్యాసం రాశాడు. ఆయన పేరుతో నేటికీ వాడే లెక్క ప్రకారం బెజ్జం వ్యాసం, బెజ్జం నుంచి కాగితానికి ఉన్న దూరాన్ని కాంతి తరంగదైర్ఘ్యంతో గుణించి, వర్గమూలం తీసి, 1.9తో గుణిస్తే వస్తుంది. కాగితానికి తెలిసింది ప్రధానంగా నీలి కాంతే కాబట్టి 0.00045 మిల్లీమీటర్లు వేసుకుంటే మీకు దాదాపు 0.45 మిల్లీమీటర్లు కావాలి. సూదితో డబ్బాకు నేరుగా పొడవకండి. శీతల పానీయం డబ్బా రేకు ముక్కను అట్ట మీద పెట్టి, సూది మొనతో బొడిపె వచ్చేదాకా నొక్కి, ఆ బొడిపెను సన్నటి నీటి గరుకు కాగితంతో అరగదీసి, మళ్లీ సూదితో సరిచేస్తూ పోతే గుండ్రటి, అంచులు పలచని బెజ్జం వస్తుంది. కొలవడానికి స్కానరు ఉంది. 1200 డీపీఐ (అంగుళానికి 1200 పిక్సెళ్లు) దగ్గర స్కాన్ చేసి పిక్సెళ్లు లెక్కపెట్టండి. ఒక్కో పిక్సెల్ 0.021 మిల్లీమీటర్లు, అంటే 21 పిక్సెళ్లు ఉంటే సరిపోయినట్టే.

డబ్బా అడ్డకొలత 120 మిల్లీమీటర్లను 0.45తో భాగిస్తే సుమారు 266, దీన్నే ఎఫ్/266 అంటారు; ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది. బ్రోమైడ్ కాగితం వేగం, అంటే వెలుగుకు స్పందించే చురుకు, ఐఎస్ఓ కొలతలో 6 అనుకుంటే, మిట్ట ఎండలో ఎఫ్/16 దగ్గర సెకనులో ఆరో వంతు చాలు. 266ను 16తో భాగించి వర్గం చేస్తే 277. దాన్ని ఆరుతో భాగిస్తే 46 సెకన్లు. కాబట్టి మంచి ఎండలో 45 సెకన్లతో మొదలుపెట్టి, అదే దృశ్యాన్ని ఒకటిన్నర నిమిషం, మూడు నిమిషాలు కూడా తీసి పోల్చుకోండి. నీడలో ఇది ఆరు నుంచి పన్నెండు నిమిషాల దాకా పోతుంది. మీరు అయిదు నిమిషాలు ఎండలో ఉంచానన్నారు. బల్బు బాగున్నా ఆ కాగితం మాడేదే.

ఉదయం తొమ్మిది ప్రాంతంలో తీయండి, లేదా పలచటి మబ్బు ఉన్నప్పుడు. మధ్యాహ్నపు ఎండలో ఆకాశానికీ చెట్టు నీడకూ మధ్య ఉన్న తేడాను కాగితం మోయలేదు. ఒకటి నిండు నలుపు, ఇంకోటి ఖాళీ తెలుపు అయిపోతాయి. సాయంత్రం కంటికి వెలుగు బాగానే ఉన్నట్టుంటుంది, కానీ అందులో నీలం తగ్గి ఎరుపు పెరుగుతుంది, కాగితానికి అది చీకటితో సమానం. ఇదే కారణంతో పాజిటివ్‌లో, అంటే నెగెటివ్ నుంచి ముద్రించిన ఫొటోలో, ఎర్రమట్టి నేల, పసుపు చీర, మన ముఖాలు అన్నీ అసలు కన్నా నల్లగా వస్తాయి, నీలి ఆకాశం తెల్ల కాగితంలా వస్తుంది. పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే నొచ్చుకుంటారు. మల్టీగ్రేడ్ కాగితమైతే, అంటే వెలుగు రంగును బట్టి కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల మధ్య తేడా) మారే రకమైతే, బెజ్జం ముందు పసుపు జిలాటిన్ కాగితం పెట్టి, ఎక్స్‌పోజర్ రెండు మూడు రెట్లు పెంచితే కాంట్రాస్ట్ చెప్పుకోదగ్గంత తగ్గుతుంది.

నెగెటివ్ నుంచి పాజిటివ్‌కు ఎన్‌లార్జర్, అంటే బొమ్మను పెద్దది చేసి ముద్రించే యంత్రం, అక్కర్లేదు. కొత్త కాగితం మెరిసే వైపు పైకి, దాని మీద నెగెటివ్ మెరిసే వైపు కిందికి, పైన బరువైన అద్దం. మీటరు ఎత్తులో 15 వాట్ల బల్బు. మొదట అట్టముక్కను జరుపుతూ 2, 4, 8, 16 సెకన్ల పట్టీలు వేసి, బాగున్నదాన్ని ఎంచుకుని, అదే ఒకటిన్నర నిమిషం కడగండి. కాగితం వెనుక కంపెనీ పేరు అచ్చు వేసి ఉంటే ఆ అక్షరాలు ఆకాశంలో తేలతాయి, అలాంటిది నెగెటివ్‌కు వాడకండి. నెగెటివ్‌లో బడి పేరు పలక అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, ఇలా ముఖాముఖి ముద్రిస్తే సరవుతుంది. ఫోనుతో ఫొటో తీసి రంగులు తిరగేసేవాళ్లు ఎడమ కుడి కూడా తిప్పాలి.

పిల్లల చేత కడిగించాలనుకుంటే మెటాల్, హైడ్రోక్వినోన్ వద్దు. కాఫీతో చేయించండి. అమెరికాలోని రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ తరగతి గదిలో 1995లో పుట్టిన పద్ధతి ఇది. లీటరు నీళ్లలో నీరు లేని చాకలి సోడా 54 గ్రాములు, విటమిన్ సి పొడి 16, ఇన్‌స్టంట్ కాఫీ 40. చికోరీ కలపని కాఫీ పొడి తీసుకోండి, ఖరీదైనది అక్కర్లేదు, రొబస్టా గింజలదే బాగా పనిచేస్తుంది. నమిలే విటమిన్ మాత్రల్లో చక్కెర, రంగు ఉంటాయి, పొడే కొనండి. కాగితానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, తెల్లదనం కాస్త కాఫీ రంగుకు తిరుగుతుంది, వాసన మాత్రం కాఫీ ప్రియులకు పరీక్షే. హైపో ట్రే మీ చేతిలోనే ఉండనివ్వండి.

వాడిన హైపోను స్నానాల గది తూములో పోయకండి. అందులో కరిగిన వెండి సెప్టిక్ ట్యాంకులోని సూక్ష్మజీవులకు విషం, మొక్కలకూ మంచిది కాదు. ప్లాస్టిక్ క్యానులో పోసి, తుప్పు పట్టే రకం ఇనుప పీచు వేసి కొన్ని రోజులు వదిలేయండి. ఇనుము కరిగి, వెండి నల్లటి బురదలా అడుగుకు చేరుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పీచుతో ఇది జరగదు.

ఎక్స్‌రే ఫిల్మ్ గురించి: వాడవచ్చు, కానీ ఇప్పుడే వద్దు. అది కాగితం కన్నా చాలా వేగమైనది, మీ డబ్బాకు మంచి ఎండలో మూడు నాలుగు సెకన్లే పడుతుంది. టేపు తీసి అంటించే చేతి షట్టరుతో అంత తక్కువ సమయాన్ని ఒకేలా ఇవ్వడం కష్టం. రెండు వైపులా ఎమల్షన్, అంటే వెలుగుకు స్పందించే పూత, ఉంటుంది కాబట్టి ట్రే అడుగు తగిలితే చాలు గీతలు పడతాయి, అడుగున నున్నటి అద్దం వేసుకోవాలి. ఆకుపచ్చకు స్పందించే రకమైతే ముదురు ఎరుపు తప్ప ఏ వెలుగూ పనికిరాదు, అంటే మీ పాత బల్బు దాన్ని కాగితం కన్నా ముందే కాల్చేస్తుంది. పైన చెప్పిన మూడు ముక్కలు తెల్లగా వచ్చి, 45 సెకన్ల కాగితం మీద బడి గోడ, చెట్టు నీడ రెండూ విడివిడిగా కనిపించిన తర్వాత ఒక చిన్న ప్యాకెట్టు తెచ్చుకోండి. డెవలపర్‌ను అప్పుడు రెండు వంతులకు బదులు ఆరు వంతుల నీళ్లతో కలిపి మొదలుపెట్టండి.